రక్షణ దళాల కార్యకలాపాలలో సుస్థిర అభివృద్ధి: భారత సైన్యం అనుభవాలు, వ్యవసాయ విస్తరణకు పాఠాలు

సారాంశం

దేశ రక్షణకు నియోగింపబడిన సైన్యం ఇంధనం, ఆహారం, నీరు, భూమి వంటి వనరులను భారీగా వినియోగించే వ్యవస్థ కూడా. ఈ వినియోగాన్ని ప్రకృతి వనరుల సంరక్షణతో, గ్రామీణ జీవనోపాధితో జోడించడానికి భారత సైన్యంలో గత నాలుగు దశాబ్దాలకు పైగా పలు ప్రయత్నాలు జరిగాయి. పర్యావరణ కార్యదళాల ద్వారా క్షీణించిన భూముల పునరుద్ధరణ, లద్దాఖ్‌లో స్థానిక కూరగాయల ఉత్పత్తి, మంచు ప్రాంతాలలో మానవ వ్యర్థాల శుద్ధి, సైనికుల ఆహారంలో చిరుధాన్యాల పునఃప్రవేశం వీటిలో ముఖ్యమైనవి. ఈ ప్రయత్నాల నిర్మాణాన్ని, ఫలితాలను, పరిమితులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు రాష్ట్రాలలోని విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు వాటి నుండి లభించే పాఠాలను క్రోడీకరిస్తుంది.

ఉపోద్ఘాతం

సైన్యం, వ్యవసాయం అనే రెండు మాటలను ఒకేచోట వినడం అరుదు. అయితే భారత రక్షణ శాఖ ఆధీనంలో సుమారు 18 లక్షల ఎకరాల భూమి ఉన్నది. ఇందులో కంటోన్మెంట్ల పరిధిలోనిది దాదాపు 1.6 లక్షల ఎకరాలు మాత్రమే. మిగిలినది శిక్షణ మైదానాలు, కాల్పుల అభ్యాస క్షేత్రాలు, విమానాశ్రయాలు, గిడ్డంగుల రూపంలో దేశమంతటా విస్తరించి ఉన్నది. లక్షలాది సైనికులకు ప్రతిదినం ధాన్యం, పప్పులు, కూరగాయలు, పాలు, మాంసం సమకూర్చవలసి ఉంటుంది. ఇంత పెద్ద భూయజమాని, ఇంత పెద్ద కొనుగోలుదారు తీసుకునే ఏ నిర్ణయమైనా నేల, నీరు, పంటలపై ప్రభావం చూపక తప్పదు.

వాతావరణ మార్పుల కోణంలో కూడా ఈ విషయం ప్రాధాన్యం సంతరించుకున్నది. ప్రపంచ సైన్యాలన్నిటి కర్బన ఉద్గారాలు మొత్తం ఉద్గారాలలో 5.5 శాతం వరకు ఉండవచ్చునని 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ అంచనా తెలిపింది. 2015 నాటి పారిస్ ఒప్పందం ప్రకారం సైనిక ఉద్గారాలను విడిగా నివేదించడం దేశాల ఇష్టానికి వదిలివేయబడింది. అందువలన ఈ లెక్క అంచనాగానే మిగిలిపోతున్నది. 2070 నాటికి నికర శూన్య ఉద్గారాల స్థితిని చేరుకుంటామని భారతదేశం 2021లో గ్లాస్గో సమావేశంలో ప్రకటించింది. ఆ గమ్యాన్ని చేరాలంటే రక్షణ రంగాన్ని పక్కన పెట్టి లెక్కలు వేయడం సాధ్యం కాదు.

పర్యావరణ కార్యదళాలు

1. ఆవిర్భావం, నిర్మాణం

దేశంలో మొదటి పర్యావరణ కార్యదళం 1982 డిసెంబరు 1న డెహ్రాడూన్ కేంద్రంగా ఏర్పడింది. ఇది గఢ్వాల్ రైఫిల్స్‌కు అనుబంధంగా ఉన్న టెరిటోరియల్ ఆర్మీ 127వ పదాతి దళం. మాజీ సైనికులను అడవుల పునరుద్ధరణకు వినియోగించాలన్న ఆలోచనను నాటి ప్రధాని ఇందిరాగాంధీకి గోధుమ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ సూచించినట్లు చెబుతారు. మరుసటి సంవత్సరం రాజస్థాన్‌లో 128వ దళం ఏర్పడింది. ఆ తరువాత జమ్మూ కాశ్మీర్, కుమావూఁ కొండలు, ఢిల్లీ, హిమాచల్ ప్రదేశ్, అస్సాం, మహారాష్ట్రలలోని మరాఠ్వాడా ప్రాంతం వరకు ఇవి విస్తరించాయి. గంగానది పరిరక్షణకు ప్రయాగరాజ్ కేంద్రంగా ప్రత్యేక దళం పనిచేస్తున్నది.

ఈ దళాల నిర్మాణంలో నాలుగు అంశాలు గమనించదగినవి. మొదటిది, సిబ్బందిలో అత్యధికులు పదవీ విరమణ చేసిన సైనికులు. సాధ్యమైనంత వరకు ఆ ప్రాంతానికే చెందినవారు. కొండదారులు, వర్షపు తీరు, స్థానిక భాష వారికి చిన్ననాటి నుండి తెలిసినవే. రెండవది, దళం నిర్వహణ ఖర్చును కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ లేదా సంబంధిత రాష్ట్ర ప్రభుత్వం భరిస్తుంది. మూడవది, మొక్కలు, కంచె సామగ్రి, సాంకేతిక సలహా రాష్ట్ర అటవీ శాఖ నుండి లభిస్తాయి. నాలుగవది, దళం ఒక సీజనులో మొక్కలు నాటి వెళ్లిపోదు. అదే ప్రాంతంలో కొన్ని సంవత్సరాలు మకాం వేసి కాపాడిన తరువాతనే భూమిని అటవీ శాఖకు అప్పగిస్తుంది.

2. ముస్సోరీ కొండలు: గనుల గాయాలకు చికిత్స

డెహ్రాడూన్ లోయకు ఎగువనున్న ముస్సోరీ కొండలలో సున్నపురాయి తవ్వకాలు అనేక సంవత్సరాలు విచ్చలవిడిగా సాగాయి. తవ్వి పారబోసిన రాళ్లు, మట్టి వాలు వెంట జారి వాగులను పూడ్చాయి, ఊటలు ఎండిపోయాయి, దిగువ పొలాలలో రాతిపొడి మేటలు వేసింది. డెహ్రాడూన్‌కు చెందిన ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన వ్యాజ్యంపై 1985లో సుప్రీంకోర్టు అనేక గనులను మూసివేయవలసిందిగా ఆదేశించింది. గని మూతపడినంత మాత్రాన కొండ కోలుకోదు. పైమట్టి పూర్తిగా పోయిన నిట్రవాలులో విత్తనం నిలిచే చోటే ఉండదు. 127వ దళానికి అప్పగించిన పని ఇదే.

ఇటువంటి భూములలో పని క్రమం ముఖ్యం. ముందుగా నీటి వేగాన్ని తగ్గించాలి. అందుకు కొండ పైభాగం నుండి కిందికి వరుసగా కాంటూరు కందకాలు, చిన్న పాయలకు అడ్డుగా రాతికట్టలు, పెద్ద పాయలకు తీగవలలో రాళ్లు నింపిన గేబియన్ గోడలు నిర్మిస్తారు. తరువాత గట్టి వేరువ్యవస్థ గల గడ్డిజాతులు, వావిలి వంటి పొదలు నాటి మట్టిని పట్టి ఉంచుతారు. చెట్లు చివరి దశలో వస్తాయి. డెహ్రాడూన్‌లోని కేంద్ర నేల, నీటి సంరక్షణ పరిశోధన, శిక్షణ సంస్థ అదే ప్రాంతంలోని సహస్రధార వద్ద పాడుబడిన గని ప్రాంతంలో జరిపిన పునరుద్ధరణ కార్యక్రమం కూడా ఇదే సూత్రాన్ని నిరూపించింది: నిర్మాణాలు, గడ్డి, పొదలు, చెట్లు అనే వరుస తప్పితే తొలి వర్షాకాలానికే శ్రమ అంతా కొట్టుకుపోతుంది.

3. థార్ ఎడారి: కదిలే ఇసుకకు కళ్లెం

రాజస్థాన్‌లో 128వ దళం ఇందిరాగాంధీ కాలువ వెంబడి ఇసుక దిబ్బల స్థిరీకరణ చేపట్టింది. వేసవి గాలులకు ఇసుక కదిలి కాలువలో పడితే పూడిక తీయడం ప్రతి సంవత్సరం తప్పని భారమవుతుంది. ఆయకట్టు చివరి రైతుకు నీరు అందదు. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతి ప్రకారం గాలి వీచే దిశకు అడ్డంగా ఎండు కంపను వరుసలుగా లేదా గళ్లుగా ఇసుకలో పాతుతారు. నేలబారు గాలి వేగం తగ్గిన చోట సేవణ్ గడ్డి, ఫోగ్ పొదలు, కరువును తట్టుకునే తుమ్మ జాతులు నాటుతారు. పశువులు చొరబడకుండా తొలి సంవత్సరాలలో కాపలా తప్పనిసరి. ఇక్కడ సైనిక క్రమశిక్షణ విలువ స్పష్టంగా కనిపిస్తుంది: ఎండలో నెలల తరబడి ట్యాంకరుతో నీరు మోసి, మొక్క మొక్కకూ పోసే పనిని మధ్యలో విడిచిపెట్టని వ్యవస్థ ఎడారికి అవసరం.

4. ఢిల్లీ భట్టీ గనులు: జాతుల ఎంపిక సమస్య

ఢిల్లీ దక్షిణ సరిహద్దులోని భట్టీ ప్రాంతం నిర్మాణపు ఇసుక, మొరం తవ్వకాలతో లోతైన గుంతలుగా మారింది. 2000 సంవత్సరంలో ఏర్పడిన 132వ దళం ఇక్కడ పనిచేస్తున్నది. ఆరావళి కొండలలో గతంలో పచ్చదనం కోసం నాటిన సర్కారు తుమ్మ నేలను ఆక్రమించి స్థానిక జాతులను ఎదగనివ్వలేదు. నాటినది బ్రతకడం ఒక్కటే విజయం కాదనీ, ఏమి నాటుతున్నామన్నది అంతే ముఖ్యమనీ ఆ చరిత్ర గుర్తుచేస్తుంది. అడవి అంటే చెట్ల సంఖ్య మాత్రమే కాదు. గడ్డి, పొద, పక్షి, కీటకం కలిసిన వ్యవస్థ.

లద్దాఖ్: మంచుకొండల మధ్య పచ్చికూర

లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. వార్షిక వర్షపాతం సుమారు 100 మిల్లీమీటర్లే. శీతాకాలంలో కనుమదారులు మంచుతో మూతపడేవి కాబట్టి ఆ నెలలకు సరిపడే సరుకులన్నీ వేసవిలోనే చేరవేసి నిల్వ చేసుకోవడం సైన్యానికి ఆనవాయితీ. తాజా కూరగాయలు మాత్రం నిల్వకు లొంగవు. విమానంలో తెచ్చిన ప్రతి కిలో ఆకుకూర వెనుక ఎంతో ఇంధనం ఖర్చవుతుంది.

ఈ సమస్య పరిష్కారానికి 1962లో లేహ్‌లో ప్రారంభమైన రక్షణ పరిశోధన ప్రయోగశాల నేడు రక్షణ ఉన్నత పర్వత పరిశోధన సంస్థగా ప్రసిద్ధి చెందింది. విద్యుత్తు, డీజిలు అవసరం లేని సౌర హరితగృహాలు దీని ముఖ్య కృషి. దక్షిణ ముఖాన పారదర్శక పాలిథీన్ కప్పు, మిగిలిన మూడు వైపులా మట్టి ఇటుకల మందపు గోడలు ఉంటాయి. పగటి ఎండను గోడలు పీల్చుకొని రాత్రి వేడిగా విడుదల చేస్తాయి. ఇంకా చవకైనది కందకపు హరితగృహం. సుమారు మూడు అడుగుల లోతు కందకం తవ్వి పైన పాలిథీన్ పరచి, రాత్రి వేళ అదనపు కప్పు వేస్తే భూమిలోని వేడి మొక్కలను కాపాడుతుంది. పాలకూర, మెంతికూర, కొత్తిమీర వంటి ఆకుకూరలు గడ్డకట్టే చలిలో కూడా అందుతాయి.

ఈ పరిజ్ఞానం సైనిక శిబిరాల గోడల మధ్యనే నిలిచిపోలేదు. స్థానిక రైతులు నేర్చుకొన్నారు. సహకార సంఘాల ద్వారా క్యాబేజీ, బంగాళాదుంప, క్యారెట్ వంటివి సైన్యానికే విక్రయిస్తున్నారు. సైన్యానికి రవాణా భారం తగ్గింది. లద్దాఖీ రైతుకు ఇంటి ముంగిటనే నమ్మకమైన అంగడి ఏర్పడింది. విస్తరణ శాస్త్రం దృష్టిలో ఇది విశేషమైన ఉదాహరణ. సాంకేతిక పరిజ్ఞానం, శిక్షణ, కొనుగోలు హామీ మూడూ ఒకేచోట కలిసినప్పుడు రైతు కొత్త పద్ధతిని స్వీకరించడానికి ఎక్కువ కాలం పట్టదు.

సీబక్‌థార్న్ మొక్క విషయంలో కూడా ఇదే జరిగింది. నదీతీరాలలో, రాతినేలలలో పెరిగే ఈ ముళ్లపొద వేర్లలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి నత్రజనిని స్థిరీకరిస్తుంది. వేర్లు మట్టిని గట్టిగా పట్టి ఉంచుతాయి. పండ్లలో విటమిన్ సి సమృద్ధిగా ఉంటుంది. పొలాలకు కంచెగా మాత్రమే చూసిన ఈ పొద పండ్ల నుండి పానీయం తయారీని లేహ్ సంస్థ అభివృద్ధి చేయడంతో, పండ్ల సేకరణ గ్రామీణ కుటుంబాలకు ఆదాయ మార్గమైంది.

వ్యర్థాల నిర్వహణ

సియాచిన్ వంటి హిమానీనదాలపై మానవ వ్యర్థాలు చలికి కుళ్లవు. పేరుకుపోయి, మంచు కరిగినప్పుడు నీటిలో కలుస్తాయి. సియాచిన్ హిమానీనదం కరిగిన నీరు నుబ్రా, ష్యోక్ నదుల ద్వారా సింధు నదికి చేరుతుంది. కాబట్టి ఇది సైనికుల పారిశుద్ధ్యానికి మాత్రమే పరిమితమైన సమస్య కాదు. గ్వాలియర్, తేజ్‌పూర్‌లలోని రక్షణ ప్రయోగశాలలు చలిని తట్టుకునే సూక్ష్మజీవుల సముదాయంతో జీవ విచ్ఛేదక ట్యాంకులను రూపొందించాయి. ఆక్సిజన్ లేని స్థితిలో ఈ సూక్ష్మజీవులు వ్యర్థాలను నీరు, మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. రైల్వే బోగీలలో నేడు కనిపించే జీవ మరుగుదొడ్లకు మూలం ఈ పరిశోధనయే.

సైనికుని పళ్లెంలో చిరుధాన్యాలు

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే సంవత్సరం మార్చిలో భారత సైన్యం అర్ధశతాబ్దికి పైగా విరామం తరువాత సజ్జ, జొన్న, రాగి పిండిని సైనికుల రేషన్‌లోకి తిరిగి తెచ్చినట్లు వెల్లడించింది. 2023-24 నుండి బియ్యం, గోధుమపిండి కోటాలో 25 శాతానికి మించకుండా, సైనికులు కోరుకున్న మేరకు చిరుధాన్యాల పిండి కొనుగోలుకు అనుమతి లభించింది. వంటవారికి శిక్షణ కూడా చేర్చారు. గోధుమకు ప్రాధాన్యమిస్తూ ఒకప్పుడు తొలగించిన ధాన్యాలే ఆరోగ్యం, నీటి పొదుపు కారణాలతో తిరిగి వచ్చాయి.

తెలుగు రాష్ట్రాల రైతులకు ఈ నిర్ణయం నేరుగా సంబంధించినది. ఉత్తరాంధ్ర గిరిజన ప్రాంతాలలో చోడి, రాయలసీమ, తెలంగాణ మెట్ట భూములలో జొన్న, సజ్జ పూర్వం నుండి ఉన్న పంటలే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉన్నది. అయినా చిన్న రైతు ధాన్యం సైనిక గిడ్డంగిని చేరడానికి కొన్ని అడ్డంకులు దాటవలసి ఉంటుంది.

మొదటి అడ్డంకి నిల్వ. సజ్జ గింజలో కొవ్వు సుమారు 5 శాతం ఉంటుంది. పిండి పట్టగానే లైపేజ్ ఎంజైమ్ ఆ కొవ్వును విడగొట్టడం వలన కొద్ది వారాలలోనే పిండి చేదెక్కుతుంది. రాగిలో కొవ్వు తక్కువ కాబట్టి ఆ పిండి ఎక్కువకాలం నిలుస్తుంది. సరిహద్దు శిబిరానికి చేరే పిండి నెలల తరబడి చెడకుండా ఉండాలి. పిండి పట్టడానికి ముందు గింజకు ఆవిరి లేదా వేడినీటి ఉపచారం చేస్తే ఎంజైమ్ నిర్వీర్యమవుతుంది. ఈ సదుపాయం గ్రామస్థాయి మిల్లులలో లేకపోతే కొనుగోలు మొత్తం పెద్ద వ్యాపారుల చేతికి పోతుంది. రెండవ అడ్డంకి ఏకరూపత. సైన్యం టెండరులో తేమ, రాళ్లు, పురుగు నష్టం పరిమితులు స్పష్టంగా ఉంటాయి; వంద మంది రైతుల వంద రకాల ధాన్యం ఒకే లాటుగా అంగీకరింపబడదు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు శుభ్రపరచడం, గ్రేడింగ్, ప్రాథమిక ఉపచార యంత్రాలను ఉమ్మడిగా సమకూర్చుకొనడమే దీనికి మార్గం.

ముగిసిన అధ్యాయం: మిలిటరీ ఫార్ములు

సైన్యం స్వయంగా వ్యవసాయం చేసిన చరిత్ర కూడా ఉన్నది. 1889 ఫిబ్రవరి 1న అలహాబాద్‌లో మొదటి మిలిటరీ ఫార్మ్ ప్రారంభమైంది. సైనికులకు పరిశుభ్రమైన పాలు, పశువులకు ఎండుగడ్డి సమకూర్చడం వీటి లక్ష్యం. తరువాతి కాలంలో భారత వ్యవసాయ పరిశోధన మండలితో కలిసి ఫ్రీస్వాల్ సంకరజాతి పథకం ఈ ఫార్ములలోని మందపై ప్రారంభమైంది. హోల్‌స్టీన్ ఫ్రీజియన్ 62.5 శాతం, సాహివాల్ 37.5 శాతం రక్తం గల ఆవు 300 రోజుల ఈతకాలంలో 4 శాతం వెన్నతో 4,000 కిలోల పాలివ్వాలన్నది లక్ష్యం. ఒకే యాజమాన్యం కింద దేశంలోని వేర్వేరు వాతావరణాలలో ఉన్న ఇంత పెద్ద మంద, క్రమబద్ధమైన పాల లెక్కలు పశు ప్రజనన శాస్త్రానికి మరొకచోట సులభంగా దొరకవు.

పాల సహకార సంఘాలు బలపడి, పట్టణాలలో పాలు విస్తృతంగా లభించడంతో ఈ ఫార్ముల అవసరం తగ్గింది. 2017లో మూసివేత నిర్ణయం వెలువడింది. 132 సంవత్సరాల సేవ తరువాత 2021 మార్చి 31న ఇవి అధికారికంగా ముగిశాయి. పశువులను ప్రభుత్వ శాఖలకు, సహకార డెయిరీలకు నామమాత్రపు ధరకు అప్పగించారు. ఆర్థిక కోణంలో ఈ నిర్ణయానికి హేతువు ఉన్నది. కాని దీర్ఘకాలిక పరిశోధన ఒక పరిపాలనా వ్యవస్థపై పూర్తిగా ఆధారపడినప్పుడు, ఆ వ్యవస్థ మారితే పరిశోధన ఆధారం కూడా చెదిరిపోతుందన్న హెచ్చరికను ఈ అనుభవం ఇస్తుంది.

పరిమితులు, పరిశీలించవలసిన ప్రశ్నలు

పై ప్రయత్నాలను ప్రశంసించడంతో అధ్యయనం ముగియరాదు. మూడు ప్రశ్నలు మిగిలి ఉన్నాయి.

మొదటిది లెక్కకు సంబంధించినది. నాటిన మొక్కల సంఖ్య నివేదికలలో ప్రముఖంగా కనిపిస్తుంది. అప్పగించిన పదేళ్ల తరువాత ఎన్ని బ్రతికాయి, ఊటలలో నీరు పెరిగిందా, పశుగ్రాసం లభ్యత మారిందా అన్నవి అంతకంటె విలువైన కొలమానాలు. స్వతంత్ర సంస్థలు ఈ కొలతలు తీయవలసి ఉన్నది.

రెండవది గ్రామస్థుల పాత్రకు సంబంధించినది. కంచె, కాపలా మొక్కను కాపాడతాయి. అదే కంచె మేకల కాపరికి దారిని మూసివేస్తుంది. దళం ఉన్నంతకాలం కాపలా సాగుతుంది. దళం వెళ్లిన మరుసటి రోజు నుండి ఆ అడవిని కాపాడేది గ్రామమే. గడ్డి కోసుకొనే హక్కు, రాలిన కట్టె, పండ్లపై వాటా ముందే నిర్ణయించని చోట అప్పగింత తరువాత నష్టం అనివార్యం.

మూడవది భూమికి సంబంధించినది. ఒకచోట కొండను పచ్చగా చేస్తున్న రక్షణ వ్యవస్థకే మరొకచోట అడవి భూమి అవసరమవుతుంది. తెలంగాణలోని వికారాబాద్ జిల్లా దామగుండం అటవీ ప్రాంతంలో నౌకాదళ వీఎల్ఎఫ్ సమాచార కేంద్రానికి సుమారు 2,900 ఎకరాలు కేటాయించగా, 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. జలాంతర్గాములతో సంబంధాలకు ఈ కేంద్రం అవసరమని రక్షణ వర్గాలు తెలిపాయి. మూసీ నది పుట్టే ప్రాంతానికి సమీపంలోని అడవి, వనమూలికలు, పశువుల మేత గురించి స్థానికులు, పర్యావరణవేత్తలు ఆందోళన వ్యక్తపరిచారు. భద్రత, పర్యావరణం రెండూ ప్రజల ప్రయోజనాలే. ప్రత్యామ్నాయ వనీకరణ అనేది ఎక్కడో మొక్కలు నాటడంగా కాక, నష్టపోయిన పరీవాహక ప్రాంతంలోనే నీటిని, మేతను తిరిగి ఇచ్చేదిగా ఉండాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ప్రారంభానికి ముందే నేల, నీరు, వృక్షజాతుల ఆధార సమాచారాన్ని సేకరిస్తే తరువాతి చర్చకు శాస్త్రీయ పునాది ఏర్పడుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు పాఠాలు

1. పని క్రమాన్ని పాటించడం: క్షీణించిన వాలు భూములలో నీటి అదుపు, గడ్డి, పొదలు, చెట్లు అన్న వరుసను వాటర్‌షెడ్ పథకాలలో తప్పనిసరి చేయాలి.

2. దీర్ఘకాల బాధ్యత: మొక్కలు నాటే కార్యక్రమాలకు కనీసం మూడు, నాలుగు సంవత్సరాల సంరక్షణ నిధి, బాధ్యుల పేర్లు ముందే ఖరారు చేయాలి.

3. మాజీ సైనికుల సేవలు: పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరంగా పేరొందిన గ్రామం వంటివి తెలుగునాట ఉన్నాయి. పదవీ విరమణ చేసిన సైనికులలో యంత్రాల నిర్వహణ, సమాచార వ్యవస్థ, బృంద నాయకత్వంలో శిక్షణ పొందినవారు ఎందరో. కృషి విజ్ఞాన కేంద్రాలు వీరిని గుర్తించి వాటర్‌షెడ్, రైతు ఉత్పత్తిదారుల సంఘాల నిర్వహణలో శిక్షణ ఇవ్వవచ్చు.

4. ఎడారీకరణ నివారణ: అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలలో హగరి నది ఇసుక గాలికి కదిలి పొలాలపై మేటలు వేస్తున్నది. థార్‌లో ఫలించిన కంప వరుసలు, గడ్డి, పొదల పద్ధతిని స్థానిక జాతులతో పరీక్షించడానికి ఇది తగిన ప్రదేశం.

5. కొనుగోలుదారు నుండి వెనుకకు ప్రణాళిక: చిరుధాన్యాల సాగు విస్తీర్ణం పెంచమని రైతును కోరడానికి ముందు, కొనే సంస్థ నాణ్యతా ప్రమాణాలను తెలుసుకొని, రకం ఎంపిక నుండి పిండి ఉపచారం వరకు గొలుసు మొత్తాన్ని సిద్ధం చేయాలి.

6. గ్రామస్థుల హక్కులు: రక్షిత ప్రాంతంలో మేత, కట్టె, పండ్లపై వాటాలను లిఖితపూర్వకంగా పని ప్రారంభంలోనే నిర్ణయించాలి.

ముగింపు

సైనిక కార్యకలాపాలలో సుస్థిర అభివృద్ధి అంటే సౌర ఫలకాలు బిగించడం, వేడుకగా మొక్కలు నాటడం మాత్రమే కాదని భారత సైన్యం అనుభవం తెలుపుతున్నది. ముస్సోరీ కొండపై రాతికట్ట, లేహ్‌లోని మట్టిగోడ హరితగృహం, సైనికుని పళ్లెంలోని జొన్నరొట్టె మూడూ ఒకే సూత్రాన్ని చెబుతాయి: సైన్యం తనకు అవసరమైనదాన్ని సమకూర్చుకునే తీరు మారినప్పుడు దాని చుట్టూ ఉన్న నేల, రైతు జీవితం కూడా మారుతాయి. ఆ మార్పు నిలవడం మాత్రం దళం వెళ్లిపోయిన తరువాత ఆ భూమితో బ్రతికే ప్రజలపై ఆధారపడి ఉంటుంది. వారిని సిద్ధం చేయడం సైన్యం ఒక్కదాని పని కాదు. అది విస్తరణ వ్యవస్థ స్వీకరించవలసిన బాధ్యత.